తుడవలేదు లేదు

చిరంజీవి సౌభాగ్యవతి మార్లిస్‌కు మీ నాన్న మనసారా దీవించి వ్రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నీవు, డెల్ ఆరోగ్యంగా ఉన్నారని, కొత్త పొయ్యి ఇల్లంతా వెచ్చగా ఉంచుతున్నదని తలుస్తున్నాను. పైన కుడివైపు తేదీ, ఊరు లేవని నీవు వెంటనే గమనించి ఉంటావు. ముప్ఫై ఎనిమిదేళ్లు పిల్లలచేత ఆ రెండూ వ్రాయించినవాణ్ణి, మరచిపోయి వదలలేదు. తేదీ వేస్తే, ఈ ఉత్తరం ఎన్నాళ్ల క్రితం వ్రాయవలసినదో నీవు లెక్క కడతావు. ఆ సంగతి నేనే చెప్పుకుంటాను. కాస్త ఓపిక పట్టు.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. మూడోదాని చివర ప్రశ్నార్థకం లేదు. అయినా ప్రశ్నగానే స్వీకరించాను.

మొదటిది కంటి సంగతి. చుక్కల మందు రోజుకు మూడుసార్లు తప్పకుండా వేసుకుంటున్నాను. ఎదురింటి కప్పు మీది పలకలు ఒక్కొక్కటీ విడిగా కనబడుతున్నాయి. చర్చి ముందు ప్రకటనల బోర్డులోని అక్షరదోషాలు కూడా కనబడుతున్నాయి. వాటి జోలికి పోలేదు. ఎందుకు పోలేదో కింద తెలుస్తుంది.

రెండోది భోజనం. నీవు కట్టి ఇచ్చిన దుప్పి మాంసపు సాసేజీలు ఇంకా రెండు మిగిలాయి. పక్కింటి ఆగ్నెస్ ట్వైట్ రెండు రోజులకొకసారి బంగాళాదుంపలు, మాంసం కలిపి కాల్చిన పళ్లెం తెచ్చి గుమ్మంలో పెడుతున్నది. “మీ అమ్మాయి మిమ్మల్ని లావు చేసి పంపింది మాస్టారూ. ఇప్పుడు చిక్కిపోతే నన్నంటుంది,” అని ఆమె భయం.

మూడోది: “మా ఇంట్లో ఏడు వారాలు ఉండి నీకు విసుగు పుట్టి ఉంటుంది.” దీనికి జవాబు ఒక వాక్యంలో ఇమడదు.

నాలుగోదాన్ని నీ మాటల్లోనే ఇక్కడ ఎత్తి వ్రాస్తున్నాను. “డెల్ తన తండ్రి నాటి తూటాల ప్రెస్సును హోయ్ట్‌కు ఇచ్చేస్తానంటున్నాడు. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి పట్టుకుపోతాడట. ఇక తూటాలు చేయనంటాడు. తన వేళ్లను నమ్మి నా ముఖం దగ్గర తూటా పేలనివ్వలేనంటాడు, అంతకుమించి నోరు విప్పడు. నీతో ఏమైనా అన్నాడా నాన్నా?” మూడో ప్రశ్నకు జవాబు పూర్తయితే తప్ప దీనికి జవాబు అర్థం కాదు కనుక, వరుసలోనే వెళతాను.

కుడికంటి ఆపరేషన్ అయిన రెండో వారం, చదవవద్దని డాక్టరు కట్టడి చేసినప్పుడు, మీ వంటింటి కిటికీ దగ్గర కూర్చుని నిన్ను ఎంత విసిగించానో నాకు తెలుసు. గోధుమ ధరలు చెప్పే రేడియో మనిషి క్రియాపదాలను సైతం దిద్దాను. అప్పుడు డెల్ వచ్చి నిలబడ్డాడు.

“మాస్టారూ, కళ్లతో పనిలేని పని ఒకటుంది. చేస్తారా?”

షెడ్డులోకి తీసుకువెళ్లి, బెంచీ దగ్గర ఎత్తు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నీవు తూటాలు కాల్చడమే కాని, చేసేటప్పుడు దగ్గర కూర్చుని చూడలేదు కనుక వివరంగా చెబుతున్నాను. ఒకసారి కాల్చిన ఇత్తడి గొట్టం ఉబ్బుతుంది. మళ్లీ వాడాలంటే ప్రెస్సుతో ఉక్కు అచ్చులోకి నొక్కి పాత కొలతకు తేవాలి. ఊరికే నొక్కితే బిగుసుకుపోతుంది కాబట్టి, గొర్రెబొచ్చులోంచి తీసిన కొవ్వును ముందుగా పలచగా పూస్తారు. అచ్చులోంచి బయటపడ్డాక ఆ జిడ్డుతో పని తీరింది. అటుపైన అది ఉండటమే ప్రమాదం. లోపల మిగిలితే తుపాకి మందు తడిసి ముద్దకడుతుంది. బయట మిగిలితే, పేలినప్పుడు గొట్టం తుపాకి లోగోడను పట్టుకోలేక జారి, తోపంతా తుపాకిని వెనక నుంచి మూసే బోల్టు మీద పడుతుంది. బోల్టుకు జానెడు దూరంలో ఉండేది కాల్చేవారి ముఖం. అందుకని ప్రతి గొట్టాన్నీ తుడవాలి. స్పిరిట్‌తో తడిపిన గుడ్డతో ఒకసారి, పొడి ఫ్లానెల్ గుడ్డతో ఒకసారి, మెడ లోపల దూది పుల్లతో ఒకసారి. చివరికి వట్టి వేలితో తడిమి చూడాలి. వేలు జారితే పని మళ్లీ మొదటికి. వేలు ఇత్తడిని పట్టుకుని నిలిస్తే పూర్తయినట్టు.

“నా వేళ్లు రైలు పట్టాల మీద పనిచేసిన ఆ చలికాలంలోనే చచ్చాయండి,” అన్నాడు డెల్. “వెన్న రాసినా నాకు ఇసుకే. ఎందుకైనా మంచిదని ఇన్నాళ్లూ ఒకటికి నాలుగుసార్లు తుడుస్తున్నా. మీ వేళ్లు సుద్దముక్క తప్ప ఇంకేమీ ముట్టలేదు, పసిపిల్లల వేళ్లలా ఉన్నాయి.”

“ఇది పొగడ్తా?”

“తొమ్మిదో తరగతిలో నన్ను రెండేళ్లు కూర్చోబెట్టారు కదా. ఈ బెంచీ దగ్గర మిమ్మల్నెన్నేళ్లు కూర్చోబెడతానో చూడండి.”

అమ్మాయీ, బడి విడిచి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో నా మాట మీద ఆధారపడి ఎవరూ ఏ పనీ చేయలేదు. చేయనక్కరలేదు కూడా. మీ షెడ్డులో మాత్రం నా వేలు “సరే” అన్న గొట్టంలో ఒక మనిషి మందు పోసి, గుండు బిగించి, చెంప ఆనించి ట్రిగ్గరు నొక్కేవాడు. మళ్లీ పరిశీలించేవాడు కాడు. నాకు విసుగు పుట్టిందా అని అడిగావు. ఉదయం లేవగానే షెడ్డు తలుపు తీసిన చప్పుడు కోసం చెవులు రిక్కించేవాణ్ణి. పెట్టిన ప్రతి పూట భోజనానికి నీకు, ఆ కుర్చీకి మీ ఆయనకు, నేను కృతజ్ఞుణ్ణి. ఈ మాట అక్కడున్నప్పుడే చెప్పవలసింది.

ఇప్పుడు డబ్బాల సంగతి. బెంచీ మీద ఒకే రకం కాఫీ డబ్బాలు రెండు ఉండేవి. నేను తుడిచినవి ఒకదానిలో వేసి, కాగితపు టేపు మీద ఎర్ర పెన్సిల్‌తో “తుడిచినవి” అని వ్రాసి అంటించాను. నేను తుడవవలసినవి డెల్ రెండోదానిలో వేసి, తన దస్తూరీతో “తుడవలేదు లేదు” అని అంటించాడు.

“ఇదేమిటి?” అన్నాను.

“తుడవలేదని.”

“లేదు అని రెండుసార్లెందుకు?”

“ఒకసారంటే అనుమానం ఉంటుందండి. రెండుసార్లంటే ఖాయం. మా అమ్మ రొట్టె లేదు లేదు అందంటే, ఇంక అల్మరా వెతకక్కర్లేదన్నమాట.”

“వ్యాకరణం ప్రకారం రెండు లేదులు కలిస్తే ఒక అవును. తుడవలేదన్న మాట లేదంటే, తుడిచారని అర్థం.”

“అయితే నాకు బుద్ధి లేదు లేదు అంటే, ఉన్నట్టా?”

“ఉన్నట్టే.”

“పనికొచ్చిందండోయ్ వ్యాకరణం, ఇన్నాళ్లకి.”

నేను ఓడిపోయాను. నీకు తెలుసు, ఓటమి నాకు అరగదు. మరునాడు డెల్ మూడు రోజుల డ్యూటీకి ధాన్యపు గోదాముకు వెళ్లాడు. నేను ఎర్ర పెన్సిల్ తీసి, పరీక్షపత్రం దిద్దినట్టు అతని “తుడవలేదు లేదు” మీద గీత కొట్టి, పైన “తుడిచినవి” అని వ్రాశాను. నీ వాక్యానికి అర్థం ఇదయ్యా అని చూపించడం నా ఉద్దేశం. అతడు వచ్చి, చూసి, తల గోక్కుని నవ్వితే నేను గెలిచినట్టు. ముందే చెబితే హాస్యం చెడుతుందని నీతో కూడా అనలేదు. లోపలి గొట్టాలకు జిడ్డు జిడ్డుగానే ఉంది.

ఆ మధ్యాహ్నమే నీవు నన్ను ఎడమకంటి ఆపరేషన్‌కు తీసుకువెళ్లావు. తరువాతి రెండు రోజులు కంటికి కట్టుతో పడకమీద ఉన్నాను. డెల్ ఒకరోజు ముందుగా వచ్చాడని, నన్ను లేపవద్దని నీతో చెప్పి తిన్నగా షెడ్డులోకి వెళ్లాడని నాకు తరువాత తెలిసింది. దుప్పుల వేట మొదలయ్యేలోగా నీ రైఫిల్‌కు నలభై తూటాలు సిద్ధం చేయాలని అతని తొందర.

అతడు నా ఎర్రగీతను దిద్దుబాటుగా చదవలేదు. మాస్టారు తుడిచేసి, చీటీ మార్చారని చదువుకున్నాడు. తడిమి చూసినా అతని వేళ్లకు తెలియదు. నా దస్తూరీ ఉండగా తడమవలసిన అవసరమూ అతనికి తోచలేదు.

నా కట్టు విప్పిన ఉదయం మేమిద్దరం కంకర గుంటకు వెళ్లాం. ఏ విడత తూటాలనైనా ముందు మూడు తాను కాల్చి చూడందే డెల్ నీ చేతికి ఇవ్వడని నీకు తెలుసో లేదో. మొదటిది టిక్కుమన్నది. అంతే.

“కదలకండి మాస్టారూ. మాట్లాడకండి,” అన్నాడు. తుపాకి మూతి మట్టి కట్టవైపే ఉంచి, పైకి వినబడేలా ముప్ఫై లెక్కపెట్టాడు. నిదానంగా పేలే తూటాలు ఉంటాయట. ఆ ముప్ఫై అంకెలు నేను జన్మలో మరచిపోను. తరువాత బోల్టు తీసి దాన్ని పక్కన పెట్టి, రెండోది వేశాడు. అదీ టిక్కుమన్నది. మళ్లీ ముప్ఫై. మూడోది వేయలేదు.

ఇంటికి వచ్చి ఆ రెండింటినీ విప్పితే మందు లోగోడకు ముద్దగా అంటుకుని ఉంది. డెల్ ఇంకొక తూటా తీసి, వేళ్లతో కాక కింది పెదవికి ఆనించి చూసుకున్నాడు.

“జిడ్డు,” అన్నాడు. “నలభైకి నలభై. తుడవని డబ్బా తీసుకున్నట్టున్నా.” నీవు పిలిస్తే ఇంట్లోకి వెళ్లాడు.

తల్లీ, నేను చేసింది ఇదీ. అతడు లోపలికి వెళ్లిన ఆ రెండు నిమిషాల్లో, నేను దిద్దిన టేపును ఖాళీ డబ్బా మీదినుంచి ఊడబీకి జేబులో పెట్టుకున్నాను. తిరిగి వచ్చి అడిగాడు.

“ఎర్ర పెన్సిల్ చీటీ చూసే తీసుకున్నానండి. ఇదా, అదా? మీకేమైనా గుర్తుందా?”

“కట్టు ఇప్పుడే కదా విప్పారు. నాకు సరిగా కనబడటం లేదు,” అన్నాను.

అబద్ధం. బెంచీ మీద రాలిన మందు రేణువులు సైతం నాకు కనబడుతున్నాయి.

అతడు తన చేతులు రెండూ ముందు పెట్టుకుని, ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. “మార్లిస్ భుజానికెత్తుకునేవి ఇవి,” అన్నాడు. ప్రెస్సు మీద పాత దుప్పటి కప్పాడు. భోజనాల దగ్గర “ఏమైంది?” అని నీవు అడిగితే “చలి” అన్నాడు. నేను సూపు బాగుందన్నాను. మూడో రోజున బస్సు ఎక్కుతుంటే నా సంచీ అందించి, “మీ వేళ్లు జాగ్రత్త మాస్టారూ,” అన్నాడు. అప్పటికీ చెప్పలేదు. ఒక్క పిల్లవాణ్ణయినా చేయని తప్పుకు దండించలేదని ముప్ఫై ఎనిమిదేళ్లు గర్వపడిన మనిషిని. ఇప్పుడు నా ఎదుటే ఒకడు తనకు తాను శిక్ష వేసుకుంటుంటే, సంచీ పుచ్చుకుని కూర్చున్నాను.

కాబట్టి నీ నాలుగో ప్రశ్నకు జవాబు: డెల్ నాతో ఏమీ అనలేదు. అనవలసినవాణ్ణి నేను. అతడు చదివింది సరిగానే చదివాడు. నమ్మదగినవాడి దస్తూరీ అని నమ్మాడు. అతని తప్పు లేదు లేదు. ఈ వాక్యాన్ని నా వ్యాకరణం ప్రకారం కాక, మీ అత్తగారి వ్యాకరణం ప్రకారం చదువు. అదే సరైనది, విన్నవాడికి ఏ అనుమానమూ మిగల్చదు. ఆ టేపును ఈ కవరులోనే పెడుతున్నాను. గీత నాది, అక్షరాలు నావి, డెల్ గుర్తుపడతాడు.

ఇంత జరిగినా నా మనసులో అన్నిటికంటె పైన ఉన్నది కృతజ్ఞతే అంటే నీకు వింతగా ఉండవచ్చు. చచ్చిన వేళ్లతో కూడా మూడు తూటాలు ముందు తన చెంప దగ్గర కాల్చి చూసుకునే మనిషి నీకు దొరికాడు. నేను రెండేళ్లు ఒకే తరగతిలో కూర్చోబెట్టినవాడు నేను వ్రాసిన ఒక్క మాటను పట్టుకుని చెంప ఆనించాడు. అటువంటి గౌరవం నాకు ఏ బడీ ఇవ్వలేదు.

శనివారం మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. మిగిలిన తూటాలన్నీ విప్పి, గొట్టాలు ఒక్కొక్కటీ నేనే తుడుస్తాను, డెల్ నన్ను షెడ్డులోకి రానిస్తే. రానివ్వకపోతే అది అతని హక్కు. మీ వంటింట్లో ఒకపూట కూర్చుని తిరిగి వస్తాను. ప్రెస్సు మాత్రం హోయ్ట్ బండి ఎక్కకూడదు. ఈ ఉత్తరం నా కంటె ముందు చేరాలని ఇవాళే తపాలాలో వేస్తున్నాను. మీకు ముందే తెలిసిపోతే కాని నేను నిజం మాట్లాడలేను; లేకపోతే గుమ్మంలో నిలబడి మళ్లీ వాతావరణం గురించి చెబుతాను.

ఒక్క కోరిక. దీన్ని డెల్ చేతికి ఇవ్వకు. నా దస్తూరీలో తన పేరు కనబడితే కింద చీవాట్లు ఉంటాయని అతనికి చిన్నప్పటి అలవాటు. సగంలో మడిచి జేబులో పెట్టుకుంటాడు. నీవే అతణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొదటి పంక్తి నుంచి నా సంతకం వరకు, నా అబద్ధం ఉన్న చోట గొంతు తగ్గించకుండా, బిగ్గరగా చదివి వినిపించు.

ఇట్లు,
నీ తండ్రి, డెల్‌కు మామయ్య,
ఎవరెట్ లిండ్‌క్విస్ట్