వెండి రంగు పూసిన యాంటెన్నా

డిసెంబరు 2
బోట్లతో మాట్లాడే చర్చి రేడియోకు కొత్త యాంటెన్నా వచ్చింది. చర్చి సెక్రటరీ సాల్మన్ గారు దాన్ని కమిటీ ముందు పసిబిడ్డలా ఎత్తి చూపించారు. "పోయినేడుది ఆరు డీబీ. ఇది పన్నెండు! డబల్ పవరు!" చప్పట్లు.
డీబీ లెక్కలో ఆరు పెరిగితే బలం రెట్టింపు కాదు, నాలుగింతలు. గొప్ప చెప్పుకోవడం కూడా తప్పుగానే. అసలు యాంటెన్నా బలం పుట్టించదు. పైకీ కిందికీ పోయేదాన్ని నొక్కి పక్కలకు పంపుతుంది — ఉండను చపాతీ చేసినట్టు. పిండి పెరగదు.
వెనక వరుసలో కూర్చున్నాను. లెక్క మనసులోనే వేసుకున్నాను.

డిసెంబరు 4
యాంటెన్నాను చర్చి గోపురం మీదికి ఎక్కించారు. మధ్యాహ్నం మా అన్న బోటు నుంచి మెసేజ్: "వల వేసినాం. అన్నం తిన్నాం." ఫోను సిగ్నలు చచ్చిపోయే చోటు దాటి ఎంతో లోపలి నుంచి. బోటులో ఉన్నది అరచేతిలో పట్టే రేడియో పెట్టె, వేలెడంత యాంటెన్నా. గోపురం దాని మాట పట్టుకుని ఇంటికి అందించింది. అమ్మ ఆ రెండు ముక్కలూ మూడుసార్లు చదివించుకుంది.
పెట్టె ఉందన్న ధైర్యంతో అన్న ఇదివరకటి కంటే లోపలికి పోతున్నాడు. ఇంజను చూస్తే ఎప్పుడు ఆగుతుందో తెలియని రకం.

డిసెంబరు 9
క్రిస్మస్ రంగులు. ఈ ఊళ్ళో ఉప్పుగాలికి భయపడి, ఏది కనపడితే దానికి సిల్వర్ పెయింటు కొడతారు. సిలువకు, గేటుకు, కటకటాలకు. పెయింటర్ ఏసోబన్న యాంటెన్నాను కూడా వదల్లేదు. రెండు కోటింగులు.
"ఇంక పదేళ్ళు తుప్పు పట్టదమ్మే!"
అది ఫైబరు గొట్టం. దానికి తుప్పేమిటి? ఆ రంగులో ఉన్నది అల్యూమినియం పొడి. రేడియోకు తరంగాలను ఆపే లోహపు చొక్కా తొడిగారు.
సాల్మన్ గారు కింద నుంచి — "ఎట్టా మెరస్తా ఉండాదో చూడండి!"

డిసెంబరు 10
అన్న సగం దూరం దాటాక మెసేజ్‌లు రావడం ఆగిపోయింది.

డిసెంబరు 11
కమిటీ కూర్చుని రోగం కనిపెట్టింది: పవరు చాలడం లేదు. సాల్మన్ గారు సెట్టింగును చివరిదాకా లాగారు. యాంటెన్నా పెద్దదైతే పవరు తగ్గించాలి, ఆ రెండూ కలిపి ఇంతకు మించకూడదని చట్టం. రేడియో లైసెన్సుకు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్న మనిషికి ఆ సంగతి పట్టదు.
గోపురం మాట అన్నకు చేరింది. అన్న మాట గోపురానికి చేరలేదు. మైకు సౌండు పెంచితే మైకు పట్టుకున్నవాడి చెవుడు పోతుందా?
సాయంత్రం అన్న ఒడ్డుకు వచ్చి సాల్మన్ గారికి చెప్పాడు, "నాలుగు తూర్లు పంపినా సార్. అందలేదనే చూపిస్తా ఉండాది."
"మా మాట నీకు ఇనపడిందా లేదా? అదీ కావాల్సింది!"
నిజమే. పెద్దవాళ్ళకు అంతే కావాలి.

డిసెంబరు 12
రంగు సంగతి అన్నకు చెప్పాను. ఇంట్లో మాత్రం నాకు గొంతు ఉంది.
"ఏందమ్మే, గోపురానికి పెయింటు కొట్టినారని నన్ను ఏటకు పోవద్దంటావా?" నవ్వాడు. "పోయి సాల్మన్ గారికి చెప్పు."
— నువ్వే చెప్పు.
"నాకేం తెలుసు? రేడియో పరీక్ష పాసైంది నువ్వు."

డిసెంబరు 14
ఆరాధన తర్వాత చెబుదామని చీటీ రాసుకుని వెళ్ళాను. సాల్మన్ గారి పక్కన నిలబడ్డాను. "ఏం తల్లీ, క్యారల్స్ లిస్టా?" అన్నారు. తల ఊపాను.
ఊపాను!
కాన్వెంటు నాకు ఇంగ్లీషు, కుట్టుపని, గొంతు తగ్గించడం నేర్పింది. మూడోది బాగా వంటబట్టింది. ఆయన్ని మూర్ఖుడని రోజూ ఇక్కడ రాస్తున్నాను. తెలిసీ నోరు తెరవనిదాన్ని ఏమనాలో మాత్రం రాయడం లేదు.

డిసెంబరు 16
అన్న తెల్లారకముందే పోయాడు. గాలి లేదు.

డిసెంబరు 17
నిన్న సాయంత్రానికి రావాలి. రాలేదు.
కలిసి వెళ్ళిన బోటు వాళ్ళు చెప్పారు — ఇంజను విప్పుకుని కూర్చున్నాడట, "మీరు పొండి, ఎనకాలే వస్తా" అన్నాడట. వెతకడానికి రెండు బోట్లు వెళ్ళాయి. ఎటు వెతకాలని అడిగారు. ఎవరికీ తెలియదు. అన్న పెట్టెకు తెలుసు, ప్రతి మెసేజ్‌తో తానున్న చోటూ పంపుతుంది.
పొద్దుటి నుంచి సాల్మన్ గారు ఫుల్ పవర్‌లో పంపుతూనే ఉన్నారు: "ఎక్కడున్నావు? జవాబివ్వు." ఇస్తూనే ఉన్నాడేమో.
చెప్పాను. అందరి ముందు. "అది రంగు, సార్. గీకేస్తే వినపడుతుంది. నేను ఎక్కుతాను." గొంతు వినపడేంత వచ్చింది.
"పెయింటుకీ రేడియోకీ ఏం సంబంధం తల్లీ? ఆడపిల్ల గోపురం ఎక్కేదేంది? ముందు ప్రార్థన కానీ."
గోపురం తాళంచెవి కోసం చెయ్యి చాపాను. చేతిలో పాటల పుస్తకం పెట్టారు.
సాల్మన్ గారి వెనక బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. సంచిలో గరుకు కాగితం. అమ్మ మోకాళ్ళ మీద ఉంది. పాట అయిపోయింది, అందరూ కళ్ళు మూసుకున్నారు. సాల్మన్ గారి ప్రార్థన ఎప్పుడూ పొడుగే.
తాళంచెవి ఆయన జేబులోంచి సగం బయటికి వేలాడుతోంది.