పద్మకు పెట్టిన లడ్డు పరీక్ష

బందరు, 1961, మంగళవారం రాత్రి

ట్రైనింగు కాలేజీలో చెప్పిన పరీక్ష ఒకటి చేసి చూద్దామని, ఇవాళ అన్నయ్య కూతురు, ఐదేళ్ల పద్మ ముందు ఒకే సైజు తొక్కుడు లడ్డూలు రెండు పెట్టాను. ఒకదాన్ని అప్పచ్చిలా అదిమి, "ఇప్పుడు ఏది ఎక్కువ?" అన్నాను.

అదిమినదాన్నే చూపించింది.

దాన్ని మళ్లీ ఉండ చేసి చూపించి, మళ్లీ అదిమాను. అదే జవాబు. నాకు ఒళ్లు మండింది.

"పసిదాని నోటి ముందు లడ్డు పెట్టి ఈ పరీక్షలేంటే?" అని అమ్మ కేకలు.

చివరికి పద్మ, "రెండూ ఒకటే అత్తా" అంది. హమ్మయ్య అనుకుని, "అయితే నీకు కావలసింది తీసుకో" అన్నాను. చటుక్కున అదిమినదే లాక్కుంది!

అది జవాబు చెప్పింది లడ్డూలను చూసి కాదు, నా మొహం చూసి.

రేపు బళ్లో "అర్థమైందా?" అని అడుగుతాను. క్లాసంతా ఒక్క గొంతుతో "అయిందండీ" అంటుంది...