బోర్లా పడుకుని విన్న నవల

జూన్ 3, మంగళవారం

అక్క కంటి ఆపరేషన్ అయింది. రెటీనా ఊడిందట. లోపల గ్యాస్ బుడగ పెట్టి అతికించారు. పది రోజులు బోర్లానే పడుకోవాలి. తల ఎత్తకూడదు. చదవకూడదు. ఆ చివరి మాటకి మాత్రం అక్క మొహం మాడిపోయింది. వారానికి రెండు నవలలు నమిలేసే మనిషి.

నేను చదివి వినిపిస్తానన్నాను. నీ గొంతుతోనా, అంది. నేను బస్ స్టేషన్‌లో అనౌన్సర్‌ని మరి.

జూన్ 4, సాయంత్రం 5

డ్యూటీ దిగి నేరుగా అక్క ఇంటికి. మంచం అంచున తల వేలాడేసి తను, కింద నేల మీద నేను. లైబ్రరీ నుంచి ఈ ఏడాదే వచ్చిన నవలలు మూడు తెచ్చాను. మొదటిది ఇరవై పేజీలకే ఆపించింది. ఇందులో ఒక్కరూ పనికి వెళ్ళరేంటే, పొద్దస్తమానం కిటికీ దగ్గర కూచుని బాధపడతారు, వీళ్ళకి వంటెవరు చేస్తారు, అంది. రెండోదాంట్లో వాన నాలుగు పేజీలు కురిసింది. గొడుగు మూసి పక్కన పెట్టు, అంది.

మూడోది పడవ నడిపే ఆవిడ కథ. జనాన్ని ఏరు దాటించడమే ఆవిడ పని. ఆరేళ్ళ కూతురు పడవ కొసన కూచుని నీళ్ళతో మాట్లాడుతుంటుంది. అక్క ఆపమనలేదు. అంటే నచ్చిందన్నమాట.

జూన్ 6

తన కంట్లో కూడా నీళ్ళు ఊగుతున్నాయంది. బుడగ అంచు అలలా కదులుతోందట. నేను చదువుతుంటే గచ్చు మీద ఏరు పారుతోందట.

ఈరోజు నేను మైకులో బస్సు అనబోయి పడవ అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. వస్తే ఎక్కేద్దామన్నట్టే నిలబడ్డారు.

జూన్ 7, లంచ్ టైం

ఇంకా చదవని పేజీలు తిరగేశాను. తిరగేయకుండా ఉండాల్సింది. తొమ్మిదో అధ్యాయంలో ఆ కూతురు జ్వరంతో చచ్చిపోతుంది.

అక్క కూతురూ జ్వరంతోనే పోయింది. నాలుగేళ్ళ పాప. పదకొండేళ్ళయింది. ఆ ఇంట్లో ఫొటో లేదు, పేరు ఎవరమూ ఎత్తం. బావ అసలే మాట్లాడడు.

తల ఎత్తడానికి లేని మనిషికి ఈ ముక్క ఎలా చదివి వినిపించను?

జూన్ 7, సాయంత్రం 6

జ్వరం తగ్గించేశాను.

జూన్ 10

ఒక్క అబద్ధంతో సరిపోలేదు. అక్కడినుంచి నవలంతా తల్లి ఒంటరిగా పడవ నడపడమే. కాబట్టి మొత్తం నేనే అల్లాలి. పేజీలు తిప్పుతూ లేని వాక్యాలు చదువుతున్నాను. పాపకి ముందు పళ్ళు ఊడాయి. ఈల వేయడం వచ్చింది. అవతలి ఒడ్డున బడిలో చేరింది. జుట్టు ఎంత ఉంటుందని రాశారే, అని అడిగింది అక్క. పొట్టిదేనన్నాను. కాదు, రెండు జడలుంటాయి, సరిగ్గా చూడు, అంది.

చూశాను. రెండు జడలే.

తల తిప్పితే గుమ్మంలో బావ. చేతిలో టిఫిన్ బాక్స్. ఎప్పుడొచ్చాడో.

జూన్ 13, శుక్రవారం

డాక్టర్ తల ఎత్తొచ్చన్నాడు. రెండో కంటితో కాసేపు చదువుకోవచ్చట. నవల లైబ్రరీలో ఇచ్చేశానన్నాను. అది నా బ్యాగులోనే ఉంది. అక్క చెయ్యి చాచింది. ఇవ్వవే, అంది.

తెలుసట. నేను జ్వరం తగ్గించిన రోజే తెలుసట. పుస్తకం చదివేటప్పుడు కామా దగ్గర ఆగుతావు, ఆ రోజు ఊపిరాడక ఆగావు, అంది. మరెందుకు ఊరుకున్నావన్నాను. పెరుగుతోంది కదే, ఎలా ఆపమంటాను, అంది.

పుస్తకం తీసుకుని గదిలోకెళ్ళి తలుపు వేసుకుంది. నేను తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. అరగంటకి బయటికొచ్చింది. బాగా రాసిందా రచయిత్రి, అంది. పాప పోవడం రెండే వాక్యాల్లో చెప్పేసింది, నిజంగానూ అంతసేపే పడుతుంది, అంది. ఆ తర్వాత తన పాపని పేరు పెట్టి తలుచుకుంది. అది ఆ రోజు పొద్దున కూడా నవ్వింది తెలుసా, అంది.

పదకొండేళ్ళ తర్వాత ఆ పేరు విన్నాను. అక్కడే కూచున్న బావ లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

జూన్ 16

మైకులోనూ ఇక్కడా చదివి చదివి గొంతు పూర్తిగా పోయింది. డ్యూటీకి వెళ్ళలేదు.

జూన్ 17, సాయంత్రం

నా గొంతు ఇంకా రాలేదు. పాప కథ ఇప్పుడు బావ చెబుతున్నాడు. పాపకి పదిహేనేళ్ళట. సైకిలెక్కి వంతెన దాటుతోందట.

నెమ్మదిగా తొక్కమనండి, అంటోంది అక్క.