పెళ్ళిళ్ళ హాలు, వెనక షెడ్డు

ఏప్రిల్ 16

మా ఊరు బోధన్‌లోని వృద్ధాశ్రమానికి పోతే ఇవాళ మళ్ళీ పెళ్ళి. చందాలతో కట్టిన హాలును ట్రస్టు చైర్మన్ నరేందర్ పెళ్ళివాళ్ళకిచ్చి, ముసలమ్మలను వెనక రేకుల షెడ్డులోకి తోలాడు. ఈ ఎండలో. విందులో మిగిలింది వీళ్ళకు పెట్టి, రిపోర్టులో అన్నదానం అని రాసుకుంటాడు.

చూపులేని నాగవ్వకు సాయవ్వ అన్నం కలిపి పెడుతోంది. నోరు విప్పింది సాయవ్వ ఒక్కతే. మా మంచాలు బైటేసి పెండ్లిపిల్ల పెట్టెలు పెట్టిండ్రు సారూ, గిది మా ఇల్లా, వాళ్ళ విడిదిల్లా అంది.

నేను లైబ్రేరియన్‌గా ఉన్నప్పుడు ఈ నరేందర్ పుస్తకాల్లో బొమ్మల పేజీలు చింపుకుపోయేవాడు. ఇప్పుడు సమాజసేవకుడు.

ఏప్రిల్ 21

నిజామాబాద్. ట్రస్టుల మీద అజమాయిషీ చేసే ఆఫీసు. ఫిర్యాదు నేను రాశాను, సాయవ్వ వేలిముద్ర వేసింది. గుమాస్తా చదవకుండానే మూడు కాపీలన్నాడు. తెచ్చాక, వేరే సెక్షన్ అన్నాడు. ఆ సెక్షన్ సారు టీకి పోయాడు.

వరసలో నా ముందు ధర్పల్లి నుంచి వచ్చిన త్రివేణి, మాటరాని పిల్లల బడికి రిజిస్ట్రేషన్ కోసం రెండేళ్ళుగా తిరుగుతోందట. రేపొచ్చేటప్పుడు కుర్సీ తెచ్చుకో బాపూ, ఈడ నిలవడితె కాళ్ళు వోతయి అని నవ్వింది.

సాయంత్రానికి ఫిర్యాదు అందినట్టు స్టాంపు పడింది. దానికే పొంగిపోయాను. ఛీ.

మే 2

జవాబు లేదు.

మే 9

ఫిర్యాదును 'తగు చర్య నిమిత్తం' నరేందర్‌కే పంపారు, వేలిముద్రతో సహా. విచారించి నివేదిక ఇవ్వాల్సిందీ అతనేనట. నియంతల చరిత్రలు ఎన్నో చదివాను. ఇంత సులువైన ఏర్పాటు వాళ్ళలో ఎవరికీ తట్టలేదు.

నా బువ్వ తిని నా మీదనే రాపిస్తివా ముసల్దానా అని నరేందర్ సాయవ్వ మంచం తీయించాడు. మూట పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

మే 13

మళ్ళీ ఆఫీసు. సెక్షన్ సారు ఓపికగా వివరించాడు. ఫిర్యాదు ఎవరి మీదుంటే వాళ్ళకే పంపడం పద్ధతి. పైగా సాయవ్వ ఇప్పుడు ఆశ్రమంలో ఉండటం లేదు కాబట్టి ఆమెకు ఫిర్యాదు చేసే అర్హత లేదు. ఎందుకు ఉండటం లేదో అడగండి అన్నాను. అది వేరే ఫిర్యాదు, మూడు కాపీలతో పెట్టుకోండి అన్నాడు.

మే 17

ఫిర్యాదు వాపసు తీసుకుంటే మంచం వేయిస్తానని నరేందర్ కబురంపాడు. నేను హైకోర్టు దాకా పోదామన్నాను. సాయవ్వ విసుక్కుంది. కోర్టుకు నువ్వు పో సారూ, గాడ నాగవ్వకు బువ్వ ఎవలు కలుపుతరు? కూర యాడున్నదో తెల్వక ఉత్త మెతుకులు తింటది అంది.



మే 19

'ఆశ్రమంలో నాకు ఏ లోటూ లేదు.' వాపసు కాగితం నేనే రాశాను. భాష చక్కగా కుదిరింది. సాయవ్వ వేలికి ఇంకు కూడా నేనే పూశాను. నాగవ్వ తినే వేళ దాటిపోతుందని ఆమె తొందరపెట్టింది.