పదకొండు తొడిమలు

2003 మార్చి, శుక్రవారం

ఆక్యుపేషనల్ థెరపీలో పట్టా పుచ్చుకున్న నాలాంటి మహానుభావుణ్ణి ఈ రోజు ప్రత్తిపాడులో ఒక మిరపకాయ ఓడించింది.

సెరిబ్రల్ పాల్సీ వల్ల మస్తాన్‌బీ కుడి పిడికిలి ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. దాన్ని తెరిపించడానికి ఆరు నెలలుగా బట్టల క్లిప్పులు నొక్కిస్తున్నాను. ఈ రోజు పదహారేళ్ల ఆ మహారాణి క్లిప్పులు అవతలకు తోసేసి, "అమ్మావాళ్లతో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తా సార్" అంది.

"వద్దు సారూ, కంట్లో పెట్టుకుంటది" అంది వాళ్లమ్మ.

"ఆ పూచీ నాదండీ" అని కల్లంలో కూర్చుని నేనే తీసి చూపించాను. మస్తాన్‌బీ గంటలో పదకొండు తీసింది! ఆ గర్వంలో చెమట తుడుచుకోబోయి నా కన్నే నులుముకున్నాను.

నా గంతులకు ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. ఎవరో నీళ్ల గ్లాసు అందించారు. ఒంటికన్నుతో చూస్తే మస్తాన్‌బీ. గ్లాసు కుడి చేతిలో ఉంది, నీళ్లు సగం ఒలికాయి.

"చెయ్యి కంటికాడికి పోనీయొద్దని నాకు చెప్పారుగా సార్?"

వాళ్లమ్మ చెంగు అడ్డం పెట్టుకుని, "రేపట్నుంచి ఇది మా వరసలోనే సారూ. మిమ్మల్నే దూరంగా కూర్చోబెడతాం" అంది.

కాయల పని ఇంకో నెలే. ఆ తర్వాత ఏం చేయించాలో... కళ్లు ఇంకా కారుతున్నాయి. ఎవరైనా అడిగితే మిరపకాయ పేరు చెబుతాను.