పండగ వరి కట్టినవాడు

రాజపాళయం,
10-6-2025, మంగళవారం.

చిరంజీవి తమ్ముడు ఆనందరాజ్‌కి పెద్దక్క నాచ్చియార్ ఆశీర్వాదం.

పెరుమాళ్ నీడలో ఇక్కడ అందరం ఉన్నాం. నీకూ సత్యకీ ఒంట్లో బాగుందని అనుకుంటున్నాను. సారల్ తుంపర మొదలైంది. గాలికి మామిడికాయలు రాలతా ఉన్నాయి. ఒక బుట్ట మదురైకి పంపిద్దామని నీకు ఫోన్ చేసినాను. సత్య తీసి, ఆయన స్నానం చేస్తా ఉన్నాడు వదినా అనింది. సాయంత్రం చేస్తే అప్పుడూ స్నానమే అనింది. పాపం, దానికి అబద్ధం చెప్పడం రాదు. అందుకే కాగితం తీసుకున్నాను.

నాకు మనసు నిలవడం లేదు. దీపం పెట్టి కూర్చుంటే నామం సగంలో ఆగిపోతుంది. లేచి వాకిలి దాకా పోతాను. ఎవరూ ఉండరు. వచ్చి మళ్ళీ కూర్చుంటాను. ఎక్కడ ఆపినానో గుర్తుండదు.

ఆ రోజు నీవు కోపంగా బస్సెక్కి పోయినాక ఇక్కడ ఏం జరిగిందో నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. నేను చెప్తాను.

మీ అన్నదమ్ములు ఇద్దరూ ఒకే ఫుట్‌బాల్ క్లబ్బుకి భక్తులు. ఇంగ్లాండులో ఎక్కడో ఉండే ఆ నీలం చొక్కాల క్లబ్బు కోసం ముత్తుకుమార్ మన మేడ మీద రసిగర్ మన్రం అని అభిమానుల సంఘం పెట్టినాడు. నీవు దానికి బోర్డు రాసినావు. నా దేవుడి గదికి సరిగ్గా పైనే. నేను వద్దనలేదు. వీధి పిల్లలూ పెద్దలూ ఒకచోట కూర్చుని ఆట చూస్తే మంచిదే అనుకున్నాను. కేసు వచ్చినాక ఆట చూడడం పోయింది, వాదించడమే మిగిలింది.

సంపాదించినంతే ఖర్చు పెట్టాలని ఆ లీగులో రూలంట. మీ క్లబ్బు యజమాని తన సొంత డబ్బునే వేరే కంపెనీల పేరుతో, అడ్వర్టైజ్‌మెంట్ డబ్బు అని చెప్పి లోపలికి పంపినాడని లీగు అంటా ఉంది. ఆ రూలే అన్యాయం అని క్లబ్బు కేసు వేసింది. ఇంత నాకెట్ల తెలుసని అడగవద్దు. రెండు నెలలుగా నా తలమీద అదే ఉరుము.

ఆ సాయంత్రం కూడా కింద కూర్చుని అంతా విన్నాను. పాత క్లబ్బులు కడుపు మండి చేసిన రూలు ఇది, కొత్తవాడు ఎదగకూడదు వాళ్ళకి అని ముత్తుకుమార్ అరిచినాడు. మనవాళ్ళు చేస్తే తప్పు ఒప్పైపోతుందా, పాయింట్లు తీసేస్తే తీసేయనీ అని నీవు అన్నావు. ఆ క్లబ్బుకి గంపెడు మంది వక్కీళ్ళు ఉన్నారు, మీరెందుకురా ఫీజు లేకుండా గొంతు చించుకుంటారు అని రామచంద్రన్ మామ నవ్వినాడు. అందరూ నవ్వినారు. అంతటితో పోవలసింది. నీ చొక్కా మాత్రం మనది, మనసు అవతలి వాళ్ళదిరా, చొక్కా విప్పి ఇచ్చెయ్ అని ముత్తుకుమార్ నిన్ను అన్నాడు. పదిమందిలో అనకూడని మాట. నేను ఒప్పుకుంటాను.

దానికి నీవు ఏమన్నావో నీకు గుర్తుంటుంది. అన్నని చూసి, ఆ యజమాని మీద నీకింత ప్రేమ ఎందుకో నాకు తెలుసు, నీవూ అదే చేసినావు గదా, చోళపురం లక్ష్మణన్‌కి పండగ వరి కట్టింది ఎవరో చెప్పు అన్నావు.

ఉరుము ఆగిపోయింది. మన చేతిలో ఓడిన వడక్కు వీధి వాళ్ళు ముగ్గురు అక్కడే ఉన్నారు.

పెద్దలు కూర్చునే మన సావడిలో పండగ వరి, అమ్మవారి పండగకి వేసే ఆ పన్ను, ఇంటింటికీ సమం. మిల్లు ఉన్నవాడికీ మిల్లులో నూలు వడికేవాడికీ ఒకటే. ఎవడైనా ఎక్కువ ఇస్తానంటే పెద్దలు తీసుకోరు. ఆ వరి కట్టిన ఇంటివాడే వీధి జట్టులో ఆడాలి. నాయన కాలం నించీ అంతే. లక్ష్మణన్ మేడగదికి అద్దెకి వచ్చినాడని ముత్తుకుమార్ చెప్తే నేను నమ్మినాను. వాడికి అన్నం పెట్టినాను. మంచివాడే, తిన్న ఆకు తనే తీసేవాడు. వాడి పేరుతో వరి కట్టింది మాత్రం మీ అన్న. వాడు వేసిన గోల్‌తోనే వడక్కు వీధి మీద కప్పు గెలిచినాం.

మరుసటి రోజు వడక్కు వీధి వాళ్ళు సావడికి పోయినారు. వచ్చే ఆదివారం పెద్దలు కూర్చుంటారు. తప్పు తేలితే కప్పుతో పోదు, ఈ ఏడు మన ఇంటి వరి తీసుకోరు. అంటే ఏమో నీకు తెలుసు. ఊరేగి వచ్చే అమ్మవారి సప్పరం, ఆ వాహనం, మన వాకిట్లో నిలవదు. హారతి పట్టుకుని నేను నిలబడి ఉంటాను, తల్లి నన్ను దాటి పక్కింటికి పోతుంది.

మొదట ముత్తుకుమార్ వాదించినాడు. వరి కట్టినవాడు అని ఉంది గాని ఎవరి జోబులోనించి అని రూలులో ఎక్కడుంది అన్నాడు. కణ్మణి దోసె తిరగేస్తా, ఈ మాట ఇంగ్లాండుకి రాసి పంపండి, మీ క్లబ్బువాళ్ళు మిమ్మల్నే వక్కీల్‌గా పెట్టుకుంటారు అని మొగుడికి చెప్పింది. తరువాత ఆ వాదనా మానినాడు. మేడకి తాళం వేసినాడు. వచ్చినవాళ్ళు వీధిలో నిలబడే తగువు సాగిస్తా ఉన్నారు. ఇప్పుడు ఎవరు క్లబ్బు గురించి మాట్లాడతా ఉన్నారో, ఎవరు మన ఇంటి గురించి మాట్లాడతా ఉన్నారో తెలియడం లేదు. మన్రం రెండుగా చీలింది. రామచంద్రన్ మామ ఒక్కడే రెండు పక్కలా టీ తాగుతా ఉన్నాడు.

ఆనందూ, నీవు చెప్పింది నిజం. దాన్ని వెనక్కి తీసుకో అని నేను అడగను. దేవుడి ముందు కూర్చునేదాన్ని, అడగలేను. కాని ఆ నిజాన్ని ఎదిరివాళ్ళ ముందు అన్న మొహాన విసిరి కొట్టినావు. అది మాత్రం నాకు నొప్పి.

సావడిలో తప్పు చేసినవాడి పక్కన వాడి పంగాళి ఒకడు, అన్నో తమ్ముడో, కూర్చోవాలని మన వాడుక. వాడు ఏమీ మాట్లాడక్కరలేదు. ఆ చోటు ఖాళీగా ఉంటే ఇంటివాళ్ళే వదిలేసినారని అర్థం. ఆడదాన్ని, నేను అక్కడ కూర్చోలేను. నాయన లేడు. నీవు తప్ప ఎవరూ లేరు.

ఆదివారం పొద్దున్నే రా. సాక్ష్యం చెప్పవద్దు, అబద్ధం చెప్పవద్దు. పక్కన కూర్చో, చాలు. సత్యనీ తీసుకురా. దానికి ఇష్టమైన మామిడికాయ పచ్చడి చేసి పెడతాను.

నీ పేరు చెప్పి రోజూ దీపం పెట్టే,
పెద్దక్క
నాచ్చియార్

తా.క.: బుధవారం పొద్దున. కవరు అంటించబోయి ఆగినాను.

పైన తప్పు తేలితే అని రాసినాను. అది తేలిపోయింది. పోయిన శుక్రవారమే ముత్తుకుమార్ ఒక్కడే సావడికి పోయి, తన నోటితో ఒప్పుకున్నాడు. నా తమ్ముడు చెప్పింది ప్రతి మాటా నిజం అన్నాడంట. అక్కడినించే పోయి కప్పుని వడక్కు వీధి వాళ్ళ చేతిలో పెట్టి వచ్చినాడు. ఆదివారం కూర్చునేది శిక్ష చెప్పడానికే.

ఇది నీకు రాయవద్దని నా చెయ్యి పట్టుకున్నాడు. ఎందుకురా అని అడిగినాను. నేను ఒప్పుకున్నానని తెలిస్తే వాడు గెలిచినవాడై వస్తాడు అక్కా, నాకు తమ్ముడు రావాలి అన్నాడు. నేను సరే అనలేదు. కాదనీ అనలేదు.

ఇప్పుడు నీకు తెలుసు. తెలియనివాడి మాదిరి వచ్చి వాడి పక్కన కూర్చో.