సెన్సర్ బాగానే ఉంది, నాన్నా

నాన్నా,

కొత్త సెన్సర్ కొనడానికి లక్డీకాపూల్ వెళ్ళకండి. మీ పాత స్పోర్ట్స్ కారులో ఇంజిన్‌కి వెళ్ళే గాలిని కొలిచే సెన్సర్ బాగానే ఉంది. మీరు వాకింగ్‌కి వెళ్ళగానే అమ్మ యాక్సిలరేటర్ తొక్కింది, నేను మీటర్ పెట్టి వోల్టేజీ చూశాను. గాలి పెరిగేకొద్దీ పెరగాల్సిన వోల్టేజీ ఎంత తొక్కినా ఒక్క వోల్టు దాటలేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే లోపల ఎలుక కుక్కిన దీపం ఒత్తులు! అవి తీసేశాక మూడు వోల్టులు చూపించింది.

నెల నుంచి ఒత్తులు మాయమవుతుంటే అమ్మ మిమ్మల్నే అనుమానించింది, క్షమించేయండి. నన్ను బానెట్ ముట్టుకోనివ్వనందుకు నేనూ మిమ్మల్ని క్షమించాను.

రవళి

మరిచాను. "గుర్రుమంటోందే! ఇంకా తొక్కనా?" అంటూ అమ్మ ఎంతకీ కారు దిగలేదు. సాయంత్రం అమీర్‌పేట పెళ్ళికి తనే నడుపుతుందట. తాళం కొంగున కట్టుకుంది. అమ్మకి లైసెన్సు ఉందా?